ఎడం పాకలో కాకెంగిలి

ఎడం, ఒకటో రోజు

మా చెల్లెలు మంగతాయారు ఈ ఉదయం బండెక్కింది. ఎక్కడికో వెళ్ళిందనుకునేరు. గవ్వలంకలో బండి అంటే చక్రాలున్నది కాదు, సూదిలో పట్టేది. ఒక వైరస్‌ని పట్టుకుని, దాని కడుపులో ఉన్న సొంత సామానంతా తీసి పారేసి, మనకి కావలసిన సరుకు అందులో సర్ది నరంలోకి వదులుతారు. అది తిన్నగా కార్జం దగ్గరికి పోయి సరుకు దింపుతుంది. సరుకు అందిన కార్జం, చవుడు నేలలో పండిన బియ్యంలో ఉండే విషపు మడ్డిని విరగ్గొట్టడం నేర్చుకుంటుంది. నేను చదివింది ఏడో తరగతి, నాకు అర్థమైంది ఇంతే. నర్సు ఎస్తేరురాణికి ఇంతకన్నా ఎక్కువ తెలుసునని చెప్పుకుంటారు. ఆమె కూడా సరుకు, బండి అనే అంటుంది మరి.

సీసా ఎక్కడానికి గంటన్నర పట్టింది. మంగతాయారు ఆసాంతం కళ్ళు మూసుకునే ఉంది.

"ఏమే, నిద్రపోయావా, పోయావా?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో అన్నయ్యా. నీ గోలకి బండి దారి తప్పుద్ది."

తరవాత మనుషులకి ఎడంగా ఉంచే పాకలోకి, ఎడం పాకలోకి మార్చాం. బండెక్కినవాళ్ళ ఉమ్ములో, ఒంటేలులో నలభై రోజులదాకా బండి పెంకులు బయటికొస్తూ ఉంటాయి. ఇంకా బండెక్కని పిల్లల ఒంట్లోకి ఆ పెంకులు పోయాయంటే వాళ్ళ రక్తం వాటి మొహం గుర్తుపెట్టుకుంటుంది. రేపు వాళ్ళ వంతు వచ్చినప్పుడు అసలు బండిని కార్జందాకా పోనివ్వదు, దారిలోనే తగలబెట్టేస్తుంది. ఒక మనిషికి జన్మకి ఒక్కసారే బండి అనేది ఇందుకే. ఎడం కూడా ఇందుకే. పాక చుట్టూ తడికె, తడికెకి పది బారల అవతల సున్నపు గీత. పిల్లలు గీత దాటకూడదు.

పాక కాపలా నాది. రెండేళ్ళ కిందట మొదటి విడతలోనే నాకు బండి ఎక్కింది కాబట్టి పెంకులు నన్నేమీ చెయ్యవు. వంట చెయ్యడం, గిన్నెలు ఉడకబెట్టడం, నర్సమ్మ ఇచ్చిన పుస్తకంలో రోజూ ఒళ్ళు వేడి, కళ్ళ రంగు, ఒంటేలు రంగు రాయడం నా పని. ఆ పుస్తకంలో గడులు మరీ ఇరుకు. నా నోరు వాటిలో పట్టదు. అందుకని ఈ రెండో పుస్తకం, నా సొంతానికి.

ఎడం, నాలుగో రోజు

పొద్దున్నే గీత అవతల పుష్కరి ప్రత్యక్షం. మంగతాయారుకి ఒక్కతే కూతురు. పుష్కరాల్లో పుట్టింది కాబట్టి ఆ పేరు. ఇంకో రెండు వారాల్లో పదహారు నిండుతాయి.

"మావయ్యా, అమ్మ తిన్నదా?"

"తిన్నది. నీ వాటా కూడా తిన్నది."

"ఏం కూర?"

"చేపే, మట్టగిడస."

"నిన్న కూడా మట్టగిడసే అన్నావు."

"నిన్న అబద్ధం. ఇవాళ నిజం."

"రెండూ ఒకేలా చెప్తావు, నాకెలా తెలుస్తుంది?"

మాటలు విని మంగతాయారు పాకలోంచి బయటికొచ్చింది. కూతురు పది బారల దూరంలో ఉన్నా సరే, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరిచి మాట్లాడుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ అరిస్తే ఉమ్ము తుంపరలు పడతాయని మంగతాయారు భయం. తెల్లారి లేచిన దగ్గర్నుంచీ కూతురితో పోట్లాడే మనిషి, చేతులూపి సైగలు చేస్తోంది. తల దువ్వుకోలేదేం అని సైగ. తిన్నావా అని సైగ. పుష్కరి కూడా సైగలతోనే బదులిచ్చింది, తనకి నోరు మూసుకోవలసిన అవసరం లేకపోయినా.

లంకలో చవుడు నేల మీద పండే వరి తినడం మొదలెట్టి పదేళ్ళయింది. వేరే వరి ఈ ఉప్పులో బతకదు. మా బావ సింహాద్రి ఏడేళ్ళు నెట్టుకొచ్చాడు. కళ్ళు పచ్చబడ్డాక ఎనిమిది నెలలు. చివరికి ఒళ్ళంతా దురద, గోక్కోవడానికి ఓపిక లేక నన్ను గోకమనేవాడు. "రాఘవులూ, కాస్త గట్టిగా గోకరా, ఆడపిల్లలా గోకుతావేంటి" అనేవాడు. ఆయన పోయిన మరుసటేడు మొదటి బండ్లు వచ్చాయి. మంగతాయారుకి అప్పుడే ఎక్కించాలి. కార్జం వాచి ఉందని ఆపారు. ఈ విడతకి కళ్ళ మూలల్లో పసుపు మొదలైంది. ఇంకో ఏడాది ఆగితే లాభం లేదన్నారు.

పిల్లలకి మాత్రం మెట్ట నుంచి పడవలో బియ్యం వస్తాయి. వాళ్ళకి చిన్నప్పుడే బండి ఎక్కించి పారెయ్యొచ్చు కదా అని నేనూ అడిగాను. పిల్లల కార్జం పెరుగుతూ ఉంటుందట. సరుకు దిగిన గదుల పక్కన కొత్త గదులు లేస్తాయి, వాటికి సరుకు అందదు, నీళ్ళు కలిపిన పాలలా పల్చబడిపోతుంది. అందుకని పదహారు నిండేదాకా ఆగాలి. నిండాక బండెక్కాలి. పదహారు నిండినవాళ్ళకి, ఎక్కినా ఎక్కకపోయినా, పడవ బియ్యం ఆగిపోతాయి.

ఎడం, పదకొండో రోజు

మంగతాయారు కార్జం అలిగింది. కొత్త సరుకు దిగితే ఒక్కోసారి అలుగుతుందట. నర్సమ్మ రక్తం తీసి చూసి, మాత్రలు రెట్టింపు చేసింది. మొహం ఉబ్బింది, నోరు చేదు. నేను పెట్టిన ముద్ద చూసి మొహం తిప్పుకుంది.

నవ్వించడానికి ప్రెసిడెంటు సూర్రాజు సంగతి మళ్ళీ ఎత్తాను. కిందటేడు వాళ్ళింటి అద్దానికి పల్చగా పసుపునీళ్ళు పూసి వచ్చాను. పొద్దున్నే మొహం చూసుకున్న సూర్రాజు, కళ్ళు పచ్చబడ్డాయని పంచె చేత్తో పట్టుకుని క్లినిక్‌కి పరిగెత్తాడు. లంకంతా వారం రోజులు నవ్వింది.

"అప్పుడూ నాకు నవ్వు రాలేదన్నయ్యా," అంది మంగతాయారు. "ఆ పరుగు నేను చూశాను. మీ బావ కూడా అలాగే పరిగెత్తాడు."

గిన్నెలు తీసుకుని బయటికొచ్చేశాను. ఈ పూట పుస్తకంలో రాయడానికి ఇంకేమీ లేదు.

ఎడం, పద్దెనిమిదో రోజు

రేపు పుష్కరి పుట్టినరోజు. వాళ్ళింట్లో ఒక అలవాటుంది. పుష్కరికి పళ్ళు వచ్చిన ఏడు మొదలుపెట్టి, ప్రతి పుట్టినరోజుకీ మంగతాయారు మామిడి తాండ్ర ముక్క తీసుకుని, చెంగు అడ్డం పెట్టి కొరికి, సగం తను తిని సగం కూతురి నోట్లో పెడుతుంది. కాకెంగిలి. చిన్నప్పుడు జామకాయలు మనమందరం అలాగే పంచుకున్నాం. గుడ్డ అడ్డం ఉంటే ఎంగిలి కాదు. ఎవరు చెప్పారో తెలియదు, ఎవరూ కాదనలేదు.

సాయంత్రం పుష్కరి కోసం వాళ్ళింటికి వెళ్ళాను. అన్నం కలిపి పెడితే కెలికి వదిలేసింది.

"పదహారేళ్ళదానివి, తాండ్ర కోసం అలుగుతావా?"

"నేనేమీ అలగలేదు."

"మరి ఆ మూతేంటి, మట్టగిడస మూతిలాగా?"

"నాన్న పోయిన ఏడు కూడా మానలేదు మావయ్యా. ఆయన పోయి పదకొండో రోజు నా పుట్టినరోజు. అమ్మ ఏడుస్తూనే కొరికింది. అంతే. నేనేమీ అలగలేదు."

ఎడం, పందొమ్మిదో రోజు

నేను తెలివైనవాణ్ణని ఇవాళ నాకు గట్టిగా అనిపించింది. అందుకని వివరంగా రాస్తున్నాను.

పడవవాళ్ళ దగ్గర తాండ్ర సంపాదించాను. ఉతికిన కొత్త తుండుగుడ్డ తీసుకున్నాను. పాకలోకి వెళ్ళి మంగతాయారు ముందు పెట్టాను.

"కొరుకు. కూతురి పేరు చెప్పుకుని కొరుకు. నీ సగం నువ్వు తిను, తన సగం నేను కాలవలో వేస్తాను. అలవాటు తప్పదు, నియమమూ తప్పదు."

"కాలవలోనే వేస్తావు కదా?"

"చేపలకి పుట్టినరోజు."

నవ్వింది. పద్దెనిమిది రోజుల్లో మొదటిసారి నవ్వింది. గుడ్డ రెండు మడతలు వేస్తే తాండ్ర తెగలేదు, అది ఈ ఏడు మరీ తోలులా ఉంది. ఒక మడత చేశాను. తల వంచి, రెండు చేతులా పట్టుకుని, మెడ నరాలు తేలేలా లాగి కొరికింది. తిని, కళ్ళు తుడుచుకుంది. "వందేళ్ళు చల్లగా ఉండాలని నా మాటగా చెప్పు" అంది.

మిగిలిన సగం నేను కాలవలో వెయ్యలేదు.

తడికె మీద నర్సమ్మ నీలంతో రాయించిన, పాక దాటకూడనివాటి జాబితా ఉంది. పళ్ళెం, గ్లాసు, చెంచా, తువ్వాలు, పక్కబట్ట, ఉమ్మి, ఒంటేలు. రెండుసార్లు చదివాను. కాకెంగిలి అని అందులో ఎక్కడా లేదు. చదువుకున్నవాళ్ళు అన్నీ రాసి దాన్ని రాయలేదంటే దానితో ప్రమాదం లేదనే కదా. పైగా గుడ్డ ఉంది.

పుష్కరి చేతిలో పెట్టాను. "మీ అమ్మ పంపింది" అన్నాను. తను నా మొహంలోకి చూసింది, నేను ఆటపట్టిస్తున్నానా అని. తాండ్ర అంచున పళ్ళ గుర్తులు చూసి ఆట కాదని తెలుసుకుంది. ఒక్కసారిగా తినలేదు. చాలాసేపు బుగ్గన పెట్టుకుంది.

నర్సమ్మ పుస్తకంలో ఇవాళ్టి గడి: ఒళ్ళు వేడి లేదు, కళ్ళు మామూలు, తిండి బాగా తిన్నది.

ఎడం, ముప్పయ్యో రోజు

అంతా బాగుంది. మంగతాయారు కళ్ళ మూలల్లో పసుపు విరుగుతోందని నర్సమ్మ చెప్పింది. పుష్కరికి పండగే. బండెక్కాక మొదటిసారి చవుడన్నం తినేరోజు లంకలో చుట్టాలందరినీ పిలుస్తారు. తన వంతుకి ఎవరెవరిని పిలవాలో ఇప్పటినుంచే లెక్కపెడుతోంది.

"సూర్రాజుని పిలవకు," అన్నాను.

"పిలుస్తాను. అద్దం ఎదురుగా కూర్చోబెడతాను."

నా మేనకోడలే, సందేహం లేదు.

ఎడం, ముప్పై నాలుగో రోజు

పట్నం పడవ వచ్చింది. అందులో తెల్లటి పెట్టె, పెట్టెలో మంచు, మంచులో ఎనిమిది సీసాలు. ఎనిమిది మంది పిల్లలకి. మంచు ఐదు రోజులు ఆగుతుంది, ఆ తరవాత సీసాలో ఉన్నది ఉప్పునీళ్ళతో సమానం. ఎక్కించే ముందు ఎనిమిది మందికీ రక్తం తీశారు. ఎవరి రక్తమైనా బండిని ముందే చూసి ఉంటే ఇందులో తెలిసిపోతుంది. అడవిలో తిరిగే మామూలు వైరస్ వల్ల కూడా ఒక్కోసారి అలా జరుగుతుందట. ఈ పిల్లలందరికీ మూడు నెలల కిందట తీసి చూశారు, అందరూ శుభ్రం. ఇది ఊరికే రెండోసారి.

ఊరికే అని నర్సమ్మే అంది. అయినా నేను వెళ్ళి తడికె మీద జాబితా మూడోసారి చదివాను.

ఎడం, ముప్పై ఐదో రోజు

ఏడుగురు శుభ్రం. పుష్కరి రక్తం బండిని గుర్తుపట్టింది.

నర్సమ్మ మూడుసార్లు చూసిందట. కాయితం నాకు చూపించింది, నాకు అంకెలు అర్థం కాలేదు, ఆమె వేలు పెట్టిన చోట అంకె మిగతావాటికన్నా పొడుగ్గా ఉంది.

"ఎన్నాళ్ళకి తగ్గుద్ది నర్సమ్మా?"

"ఏళ్ళు పడుతుంది బాబాయ్. కొందరికి ఎప్పటికీ తగ్గదు."

"వేరే బండి?"

"మొహం మార్చిన బండి ఎక్కడో చేస్తున్నారంట. కార్జందాకా పోవడం దానికి ఇంకా సరిగ్గా చేతకాలేదంట. చేస్తున్నారు, చేస్తున్నారు అని నేను నర్సు చదివినప్పటినుంచీ వింటున్నాను."

పుష్కరికి పదహారు నిండాయి. పడవ బియ్యం ఈ నెలాఖరుదాకా. తరవాత చవుడన్నమే, బండి లేకుండా. వాళ్ళ నాన్నకి ఏడేళ్ళు పట్టింది. ఏడూ పదహారూ కలిపితే ఎంతో ఏడో తరగతివాడికి కూడా వస్తుంది.

ఎడం, ముప్పై ఆరో రోజు

పుష్కరి సంగతి అక్కడితో ఆగలేదు. తల్లి ఎడంలో ఉండగా కూతురి రక్తం మారిందంటే పాక కారుతోందని అర్థమట. నీళ్ళలోకో, గాలిలోకో, నలభై రోజుల లెక్కే తప్పో. పట్నం నుంచి కబురు వచ్చింది. పెంకులు ఎలా బయటికొచ్చాయో తేలేదాకా ఎవరికీ బండి ఎక్కించకూడదు. మంగతాయారుని పడవలో పట్నం తరలించాలి, ఎంతకాలమో చెప్పలేరు. మంచు ఇంకా మూడు రోజులు ఉంటుంది. సీసాలు పాడైతే మళ్ళీ పెట్టె రెండేళ్ళకి. ఆ ఏడుగురికీ కూడా పదహారు నిండాయి, పడవ బియ్యం వాళ్ళకీ ఆగుతాయి.

కాలవ గట్టు మీద పుష్కరి ఒక్కతే కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన కూలబడ్డాను. ఏదో ఒక వెటకారం నోటిదాకా వస్తుందని చూశాను. రాలేదు.

"తాండ్ర," అన్నాను.

"తెలుసు మావయ్యా. కాయితం చూడగానే తెలిసింది."

"గుడ్డ అడ్డం ఉంది కదే."

"గుడ్డ తడిసింది. తాండ్ర మీద కూడా తడి ఉంది. నేను తుడవలేదు."

"తెలిసే తిన్నావా?"

"ఎంగిలి అనుకోలేదు, కాకెంగిలి అనే తిన్నాను. నువ్వూ అంతే కదా. ఇప్పుడు సంగతి అది కాదు." నా తుండుగుడ్డ అంచు పట్టుకుని మెలిపెట్టసాగింది. "అమ్మకి ఏం చెప్తావు?"

"జరిగింది చెప్తాను. ఇంకేముంది."

"చెప్పకు."

"చెప్పకపోతే ఏడుగురు పిల్లలు..."

"ఏదో ఒకటి చెప్పు. నువ్వే అంటించావని చెప్పు. తాండ్ర అని మాత్రం చెప్పకు. అమ్మ ఆ ముక్క కొరుకుతూ నా పేరు చెప్పుకుని ఉంటుంది. తన నోటి నుంచే నాకు వచ్చిందని తెలిస్తే, ఆ బండి ఎక్కి ఏం లాభం? బతకదు మావయ్యా."

"మరి నేను?"

"నువ్వు బతుకుతావు," అంది పుష్కరి. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఎడం, ముప్పై ఏడో రోజు

తడికె దగ్గర నిలబడి చెప్పాను. నర్సమ్మ, ప్రెసిడెంటు సూర్రాజు, పిల్లల తల్లిదండ్రులు పదిమంది దాకా. తడికె లోపల మంగతాయారు.

"పాక కారలేదు. నేనే కార్చాను. పందొమ్మిదో రోజు, పుష్కరి పుట్టినరోజున, ఇందులోంచి తెచ్చిన గ్లాసు ఉడకబెట్టకుండా దాంట్లో మజ్జిగ పోసి ఆ పిల్లకిచ్చాను. తాగాక, నువ్వు తాగింది మీ అమ్మ ఎంగిలి గ్లాసని చెప్పి ఏడిపిద్దామని. ఆటకి."

ఎవరూ నమ్మరేమోనని రాత్రంతా భయపడ్డాను. ముప్పై ఏళ్ళుగా నిజం చెప్పినా నమ్మనివాళ్ళు ఈ అబద్ధాన్ని మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యకుండా నమ్మారు. నా నుంచి వాళ్ళు ఎదురుచూస్తున్నది ఇదే కాబోలు.

నర్సమ్మ ఒక్కతే కాయితం మీంచి తలెత్తి చూసింది.

"ఒక్క గ్లాసు మజ్జిగకి ఇంత అంకె రాదు బాబాయ్."

"రెండు గ్లాసులు."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత రెండు అని రాసుకుంది. తారీఖు కూడా అడిగి రాసుకుంది. పాక బాగానే ఉంది, కాపలాదారు తప్పు అని పట్నానికి చెప్తానంది. ఏడుగురి తల్లుల్లో ఒకావిడ అక్కడే కూలబడి ఏడ్చింది, బతికిపోయామని.

సూర్రాజు నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"అద్దానికి పసుపు పూసినప్పుడే నీ చేతులు విరగ్గొట్టి ఉంటే ఆ పిల్ల బాగుండేది," అన్నాడు. "ఆ రోజు నేనూ చివరికి నవ్వాను. అదే నా తప్పు."

అందరూ వెళ్ళాక తడికె లోపలి నుంచి మంగతాయారు పిలిచింది. చెంగు నోటికి అడ్డం లేదు.

"అన్నయ్యా. ఆ రోజు నేను కొరికిన తాండ్ర."

"కాలవలో వేశాను."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"కాలవలో వేశానే. చేపలు తిన్నాయి."

"ఒట్టెయ్యి."

"ఎవరి మీద?"

"పుష్కరి మీద."

ఇంక ఆ పిల్ల మీద ఒట్టుకి పోయేదేముంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా నాలుక ఊడి పడలేదు. ఒట్టేశాను.

మంగతాయారు మొహంలో ఏదో కొంచెం సడలింది. అది చూశాను, అంతే నాకు దక్కింది. మరుక్షణం ఆ మొహం గట్టిపడింది.

"ఇక నా గడప తొక్కకు. నేను చచ్చినా రాకు," అంది. ఆ మాట చివర అన్నయ్యా అన్న పిలుపు లేదు.

ఎడం, ముప్పై ఎనిమిదో రోజు

ఏడుగురికీ బండి ఎక్కింది. పుష్కరి సీసా వరసలో తరవాత ఉన్న ఇంకో పిల్లకి ఎక్కించారు. పుష్కరే వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుని, కళ్ళు మూసుకోమని చెప్పిందట.

నన్ను కాపలా నుంచి తీసేశారు. తాళంచెవి ఇవ్వడానికి క్లినిక్‌కి వెళ్ళి నర్సమ్మని అడిగాను.

"నా కార్జానికి సరుకు ఉంది కదా. సగం కోసి ఆ పిల్లకి పెట్టండి. కార్జం కోస్తే మళ్ళీ పెరుగుద్దంట కదా."

"పెరుగుద్ది బాబాయ్. మీదీ పెరుగుద్ది, తనదీ పెరుగుద్ది. కండ పెరుగుద్ది, సరుకు పెరగదు. పిల్లలకి పదహారు దాకా ఎందుకు ఆగుతున్నాం? అందుకే. ఉన్నది ఇద్దరికీ పల్చబడి, ఇద్దరికీ చాలదు."

"అయితే మొత్తం తీసి పెట్టండి."

"మనిషిని చంపి మనిషికి పెట్టే ఆసుపత్రి నాకు తెలీదు." ఆమె తాళంచెవి పుచ్చుకుని సొరుగులో వేసింది. సొరుగు మూస్తూ, గొంతు తగ్గించి అంది, "గ్లాసు కాదని నాకు తెలుసు. ఏంటో నాకు చెప్పద్దు. చెప్తే రాయాల్సొస్తుంది."

వచ్చి పుష్కరికి కార్జం సంగతి చెప్పాను, ఏదో ఘనకార్యం చెయ్యబోయినట్టు.

"నీ కార్జం నాకెందుకు మావయ్యా," అంది. "లోపల కూర్చుని నాతో కూడా అబద్ధాలాడిస్తుంది."

నవ్వాను. తనూ నవ్వింది. కాసేపటికి ఇద్దరం బలవంతాన ఆపేశాం.

ఎడం, ముప్పై తొమ్మిదో రోజు

కొత్త కాపలాదారు నన్ను గీత దగ్గరే ఆపేశాడు. అక్కడే నిలబడ్డాను.

మధ్యాహ్నం నర్సమ్మ పుష్కరి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పిల్లకి ఇంక ఎడం అక్కర్లేదని కొత్తవాడికి చెప్పింది. రక్తం చూడకూడనిది చూసేసింది, ఇంక దాచడానికి ఏమీ లేదు. వాడికి అర్థం కాక నా వైపు చూశాడు. నేను తల ఊపాను. పుష్కరి గీత దాటింది. మొదట మెల్లగా నడిచింది, తడికె దగ్గరికి వచ్చేసరికి పరిగెత్తింది.

మంగతాయారు పాక ముందు కూర్చుని అన్నం తింటోంది. లేవబోయి, అలవాటుగా చెంగు నోటికి లాక్కుంది. పుష్కరి ఆ చెంగు పట్టుకుని కిందికి దించేసింది. తల్లి మెడలో మొహం పెట్టుకుంది. మంగతాయారు మొదట చేతులు గాలిలోనే ఉంచింది, ఎక్కడ తాకాలో తెలియనట్టు. తరవాత తల నిమిరింది, వీపు నిమిరింది, మొహం చేతుల్లోకి తీసుకుని నుదురు, బుగ్గలు, గడ్డం అన్నీ ముద్దు పెట్టుకుంది. ఏదో తిట్టింది. తల దువ్వుకోలేదనే అయి ఉంటుంది.

"ఆకలేస్తోందమ్మా," అంది పుష్కరి. ఆ మాట దగ్గర్నుంచీ నా దాకా వినిపించింది. నా కోసమే గట్టిగా అన్నదేమో తెలియదు.

మంగతాయారు సంతోషంలో పక్కనున్న పళ్ళెం లాక్కుని ముద్ద కలిపింది. ఎత్తింది. కూతురి నోటి దగ్గరికి తెచ్చాక చూసుకుంది. చవుడన్నం, ఉప్పు పట్టిన బూడిద రంగు మెతుకులు. చెయ్యి ఆగిపోయింది.

"పడవ బియ్యం ఇంకా ఉన్నాయి కదే. ఇంటికెళ్ళి వండుకో. నెలాఖరుదాకా ఉన్నాయి."

"ఎన్నాళ్ళు దాచుకుంటాం," అంది పుష్కరి. "నీ చేత్తో తిని నెల దాటిపోయింది."

మంగతాయారు కదలలేదు. ముద్దలోంచి నీళ్ళు మోచేతి దాకా కారాయి. పుష్కరి ఆ మణికట్టు పట్టుకుని తన నోటివైపు లాక్కుంది. నమిలింది. మింగింది. మళ్ళీ నోరు తెరిచింది.

రెండో ముద్దకి లాక్కోవలసిన పని లేకపోయింది.